బెల్లం ముక్కతో తీరని రక్తహీనత



చోడవరం, మాడుగుల, చీడికాడ వైపు చుట్టాలున్న వాళ్ల ఇళ్లకి సంక్రాంతి వెళ్లేసరికి ఒక బెల్లం దిమ్మయినా వచ్చి చేరుతుంది. చెరకు ఆడే రోజులవి. చీడికాడ మండలం ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరింది. జిల్లా మారినా బెల్లం రుచి మారలేదు లెండి. ఆ దిమ్మతోబాటు ఊరినుంచి ఒక సలహా కూడా వస్తుంది. "ఏటమ్మా, మొకం అలా పాలిపోయిందేటి? రోజూ ఇంత బెల్లం ముక్క నోట్లో ఎట్టుకో, నెత్తురు పడతాది" అంటారు పెద్దమ్మలూ, పిన్నులూ.

ఆ మాటలో ఆపేక్ష ఉంది. ఇసుమంత నిజం కూడా ఉంది. అయితే ఆ పాలిపోయిన మొహం పది పన్నెండేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్న మనిషిదైనప్పుడు ఆ సలహా రెండు విధాల చెరుపు చేస్తుంది. బెల్లంలో ఉండేది చక్కెరే అన్నది ఒకటి. రెండోది ఇంకా పెద్దది. రక్తం తగ్గిపోవడానికి అసలు కారణం మూత్రపిండాల్లో ఉండి ఉండవచ్చు. బెల్లం తింటున్నాం, ఖర్జూరం తింటున్నాం అన్న ధీమాతో ఆ కారణాన్ని వెతకడం నెలల తరబడి వాయిదా పడుతుంది. ఈవేళ ఆ సంగతే చెప్పుకుందాం.

రక్తానికి ఎరుపు రంగునిచ్చేది హెమోగ్లోబిన్. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒంట్లో మూలమూలకీ మోసుకుపోయే పని దానిదే. ఇది ఎర్ర కణాల్లో ఉంటుంది. ఒక్కొక్క ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పాతవి పోతూ ఉంటే, ఎముకల లోపలి మూలగలో కొత్తవి పుడుతూ ఉంటాయి, సెకనుకి దాదాపు ఇరవై లక్షల చొప్పున! ఇంత పెద్ద వంటకి సరుకులు కావాలి కదా. ఇనుము కావాలి, బి-12 విటమిను కావాలి, ఫోలిక్ ఆసిడ్ కావాలి, మాంసకృత్తులు కావాలి. ఫోలిక్ ఆసిడ్ అన్నప్పుడు మనం కాస్త గర్వపడవచ్చు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. గర్భిణీ స్త్రీలకిచ్చే ఐరన్ మాత్రలో ఇనుముతోబాటు ఉండే రెండో మందు అదే.

సరుకులన్నీ ఇంట్లో ఉన్నా, పొయ్యి వెలిగించమని చెప్పేవారొకరు ఉండాలి. రక్తం విషయంలో ఆ మాట చెప్పేవి మూత్రపిండాలు. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. మూత్రపిండాలంటే మూత్రం తయారుచేసేవనే మనకి తెలుసు. కాని ఒంట్లో ప్రాణవాయువు తగ్గిందని ముందు పసిగట్టేవి అవే. పసిగట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది మూలగ దగ్గరకు వెళ్లి "ఎర్ర కణాలు చాలడం లేదు, ఇంకా చెయ్యి" అని చెబుతుంది. పెద్దవాళ్లలో ఈ హార్మోను నూటికి తొంభై పాళ్లు మూత్రపిండాల్లోనే తయారవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి శాస్త్రజ్ఞులు పడ్డ పాట్లు వింటే ఆశ్చర్యమేస్తుంది. షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ అనే ఆయన ఇరవై ఏళ్లు దీని వెంటపడ్డారు. చివరికి జపాను నుంచి ఒక సహచరుడు, మూలగ పనిచేయక రక్తహీనత వచ్చిన రోగుల మూత్రం 2,550 లీటర్లు పోగుచేసి, ఎండించి తెచ్చిచ్చాడు. అటువంటి రోగుల్లో మూత్రపిండాలు ఎంత కేకవేసినా మూలగ పలకదు, అందుకని ఆ హార్మోను మూత్రంలోకి పొంగిపోతుంది. అన్ని లీటర్లనూ శుద్ధిచేస్తే 1977లో చేతికొచ్చింది ఎనిమిది మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు. ఆ చిటికెడు మీదే తర్వాతి పనంతా సాగి, 1989లో అమెరికాలో అది ఇంజక్షనుగా మార్కెట్టులోకి వచ్చింది. అంతకు ముందు మూత్రపిండాలు చెడినవాళ్లకి రక్తం ఎక్కించడం తప్ప పెద్ద దారి ఉండేది కాదు.

ఇప్పుడు మధుమేహం దగ్గరకి వద్దాం. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే, దానికి బి.పి. కూడా తోడైతే, మూత్రపిండాల్లోని సన్నని వడపోత గొట్టాలు పాడవుతాయి. అప్పుడు ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోవడం మొదలవుతుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. వడపోతతోబాటే ఆ కబురు పంపే కణాలు కూడా దెబ్బతింటాయి. మూత్రపిండాలు ఒకే స్థాయిలో చెడిన ఇద్దరిని తీసుకుంటే, చక్కెర వ్యాధి ఉన్నవారికి రక్తహీనత ముందుగా వస్తుంది, ఎక్కువగానూ వస్తుంది. డయాలిసిస్ దాకా వెళ్లినవాళ్లకే రక్తం తగ్గుతుందనుకుంటారు. అలా కాదు, దానికి ఎన్నో ఏళ్ల ముందే మొదలు కావచ్చు.

ఆడవాళ్లలో ఇది బయటపడకపోవడానికి ఇంకో కారణముంది. పాలిపోయి ఉండటం మన ఇళ్లలో మామూలైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. పక్కింటావిడా అలాగే ఉంది, ఆడపడుచూ అలాగే ఉంది, ఇందులో వింతేముంది అనిపిస్తుంది. యాభై దాటిన ఇల్లాలు మేడమెట్లెక్కుతూ మధ్యలో ఆగితే "వయసు" అంటాం. పప్పు పోపు పెట్టేటప్పుడు స్టూలు వేసుకు కూర్చుంటే "మోకాళ్లు" అంటాం. చలి ఎక్కువ, ఆకలి తక్కువ, మధ్యాహ్నం పడుకుంటే లేవలేకపోవడం, ఇవన్నీ ఆవిడ స్వభావంలో జమకట్టేస్తాం. ఆవిడ కూడా నోరు విప్పి చెప్పదు. లోపల గుండె మాత్రం, పల్చబడ్డ రక్తంతోనే ఒళ్లంతటికీ ప్రాణవాయువు అందించాలని రెట్టింపు శ్రమ పడుతూ ఉంటుంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు రెండూ గుండెకి చేటు చేసేవే. రక్తహీనత మూడోదిగా వచ్చి చేరితే ఆ గుండె గోడ మందమై, చివరికి అలిసిపోతుంది. అందుకే ఇది నీరసంతో పోయే సంగతి కాదంటున్నాను.

గర్భిణి కాని స్త్రీకి హెమోగ్లోబిన్ 12 గ్రాములకన్నా, పురుషుడికి 13 కన్నా తక్కువైతే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయితే ఈ ఒక్క అంకె చూసి, మందుల షాపులో ఐరన్ టానిక్కు కొనుక్కొచ్చి తాగడం మన అలవాటు. రక్తం తగ్గిందని తెలియడం ఒక ఎత్తు, ఎందుకు తగ్గిందో తెలియడం ఇంకో ఎత్తు.

ఇనుము లెక్క చూడండి, మన ఇంటి లెక్కలాగే ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే ఇనుమంతా కలిపితే మూడు నాలుగు గ్రాములు. రోజూ బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే, తిండిలోంచి చేరేదీ అంతే. పాత ఎర్ర కణాలు చితికినప్పుడు వచ్చే ఇనుమును, రోజుకి ఇరవై మిల్లీగ్రాములకు పైగా, శరీరం పారెయ్యకుండా మళ్లీ వాడుకుంటుంది. మిగిలినదాన్ని కాలేయంలోనూ, మరికొన్ని చోట్లా దాచుకుంటుంది. ఆ కొట్టుగదికి తాళంలాంటిది ఒకటుందని 2000 తర్వాత తెలిసింది. దాని పేరు హెప్సిడిన్, తయారయ్యేది కాలేయంలో. ఒంట్లో ఎక్కడైనా చీమూ వాపూ జ్వరమూ ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది. క్రిములకి ఇనుము అందకుండా కొట్టుకి తాళం పడుతుంది. నాలుగు రోజుల జ్వరానికి ఇది మంచి ఏర్పాటే. మూత్రపిండాల జబ్బులో మాత్రం హెప్సిడిన్ బయటికి పోక పేరుకుపోతుంది, లోపల సన్నని వాపు ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. తాళం పడింది పడినట్టే ఉండిపోతుంది. కొట్లో ఇనుము ఉన్నా మూలగకి చేరదు. మాత్ర మింగినా పేగుల్లోంచి లోపలికి రానివ్వదు.

కాబట్టి ఇటువంటివారికి హెమోగ్లోబిన్‌తోబాటు రెండు పరీక్షలు కలిపి చూడాలి. ఫెరిటిన్ పరీక్ష కొట్లో నిలవ ఎంతుందో చెబుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే పరీక్ష రక్తంలో ఇనుము మోసే బళ్లలో ఎన్ని నిండుగా నడుస్తున్నాయో చెబుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఫెరిటిన్ 100 కన్నా తక్కువా, శాచురేషన్ నూటికి 20 కన్నా తక్కువా ఉంటే నిజంగానే ఇనుము కరువు. ఫెరిటిన్ బాగానే ఉండి, లేదా ఎక్కువే ఉండి, శాచురేషన్ తక్కువైతే తాళం పడ్డదన్నమాట. ఫెరిటిన్ ఎక్కువని కాగితంలో చూసి "ఇనుము పుష్కలంగా ఉంది" అని సంతోషపడకూడదు. వాపు ఉన్నప్పుడు ఆ అంకె దానంతటదే పెరుగుతుంది.

మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చెప్పే పరీక్షలు వేరు. రక్తంలో క్రియాటినిన్ చూసి, దాన్నిబట్టి ఇ.జి.ఎఫ్.ఆర్. అనే లెక్క కడతారు. అది మూడు నెలలపాటు 60 కన్నా తక్కువుంటే జబ్బున్నట్టు. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి 30 దాటినా జాగ్రత్తపడాలి. ఇక్కడ మన ఆడవాళ్లకి ఒక మాట. బక్కపలచని మనిషికి, పెద్దవయసావిడకి, కండ తక్కువ గనుక క్రియాటినిన్ పైకి బాగానే కనిపిస్తుంది. "నార్మలే" అని కాగితం మడిచి పెట్టకుండా ఆ ఇ.జి.ఎఫ్.ఆర్. ఎంతో అడగండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఏడాదికొకసారైనా ఈ రెండూ చేయించుకోవాలి.

చక్కెర లేనివాళ్లకి మూత్రపిండాల భయం లేదని కూడా అనుకోకండి. మన ఉత్తరాంధ్రలోనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కష్టపడే ఎందరికో చక్కెర లేకుండానే మూత్రపిండాలు చెడిపోయాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్కడి రోగుల్లో చాలామందికి మూత్రంలో ఆల్బుమిన్ కూడా పెద్దగా పోదు. అందువల్ల మూత్రపరీక్ష ఒక్కటీ చూసి ఊరుకుంటే జబ్బు దాటిపోతుంది, రక్తపరీక్ష ఉండాల్సిందే. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

రక్తం తగ్గిన ప్రతివారికీ మూత్రపిండాలే కారణమని కూడా నేననడం లేదు. నెలసరిలో ఎక్కువ పోవడం, మొలలు, కడుపులో పుండు, ఇవన్నీ చూడాలి. మోకాళ్ల నొప్పులకి చీటీ లేకుండా కొనుక్కునే నొప్పిబిళ్లలు రెండువైపులా కోస్తాయి. కడుపులో సన్నగా రక్తం కారేలా చేస్తాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి-12 తగ్గవచ్చు, శాకాహారులైతే మరీను. కాళ్ల తిమ్మిర్లు చక్కెరవల్లే అనుకుంటాం, కొన్నిసార్లు బి-12 లేకపోవడంవల్ల కూడా వస్తాయి. మెట్‌ఫార్మిన్ మానెయ్యమని కాదు, బి-12 పరీక్ష చేయించమని.

ఇక వంటింట్లోకి వద్దాం. ఆ బెల్లం దిమ్మ అక్కడే ఉంది కదా. బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకు పైగా చక్కెరే. రంగు నల్లగా ఉన్నంతమాత్రాన, గానుగ దగ్గర కాచినంతమాత్రాన, ఒంట్లో దాని పని మారదు. చిన్న ముక్కలో ఇనుము మహా ఉంటే ఒకటి రెండు మిల్లీగ్రాములు, అందులో ఒంటికి పట్టేది పదో వంతు. ప్రభుత్వం స్త్రీలకిచ్చే ఐరన్ మాత్ర ఒక్కదాన్లో 60 మిల్లీగ్రాములుంటుంది. ఆ 60 మిల్లీగ్రాములకి సమానంగా బెల్లం తినాలంటే రక్తం సంగతి అలా ఉంచి చక్కెర ఎక్కడికి పోతుందో ఊహించుకోండి. మాడుగుల హల్వా గురించి అడగనే వద్దు, ఆ పొట్లం చక్కెర లేనివాళ్ల కోసం ఉంచండి. ఖర్జూరంలోనూ తీపే ఎక్కువ. పైగా మూత్రపిండాలు బాగా చెడినవారికి ఖర్జూరం, అరటిపండు, కొబ్బరినీళ్లు, బెల్లం వీటన్నిటిలోని పొటాషియం పేచీ పెడుతుంది. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. "బీట్‌రూట్ రసం తాగితే రక్తం పడుతుంది" అన్న మాటా అంతే. రంగు ఒకటైతే గుణం ఒకటవ్వాలని ఎక్కడుంది?

అలాగని ఆకుకూరలు మానేసి కూర్చోమని కాదు. తోటకూర, గోంగూర, చోడి అంబలి మన తిండి. మూత్రపిండాలు బాగున్న మధుమేహ రోగి హాయిగా తినవచ్చు, అంబలిలో బెల్లం కలపకుండా మజ్జిగ పోసుకోవాలి, కొలత దాటకూడదు. ఆకుకూరల్లో ఇనుము నిమ్మరసం పిండితే కాస్త ఎక్కువ పడుతుంది. భోజనం కాగానే కాఫీ, టీ తాగితే తగ్గిపోతుంది, గంటన్నా ఆగాలి. మాంసం, చేపల్లోని ఇనుము తేలిగ్గా పడుతుంది, తినేవాళ్లు ఎంత తినాలో మాత్రం డాక్టరుగారినే అడగాలి. పొటాషియం ఎక్కువైందని చెప్పినవారికి కూరలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి వండాలి. ఇంట్లో అందరికీ ఒకే కూర వండే ఇల్లాలికి ఇది అదనపు చాకిరీయే, కాదనను. ఉడికించి వార్చాక ఆవిడకి వేరే తీసి, మిగతాదాంట్లో ఉప్పూ కారం వేసుకుంటే పని సగమవుతుంది.

వైద్యం విషయం. ఇనుము తక్కువైతే మొదట మాత్రలిస్తారు. కాల్షియం మాత్ర, గ్యాసు మందు ఐరన్ మాత్రతో కలిపి మింగితే ఇనుము పట్టదు, వేళలు వేరుచెయ్యాలి. మాత్ర పనిచెయ్యకపోతే, తాళం పడి ఉంటే, ఇనుమును నరంలోకి సెలైనులాగా ఎక్కిస్తారు. పేగుల అడ్డు దాటుకుని వెళ్తుంది గనుక పనిచేస్తుంది. ఇది ఆస్పత్రిలోనే చేయించుకోవాలి, ఇంటికొచ్చి ఎక్కిస్తామనేవాళ్లకి ఒప్పుకోకండి. ఒంట్లో జ్వరమో పుండో ఉంటే ముందే చెప్పాలి.

ఇనుము సరిపోయినా హెమోగ్లోబిన్ పెరగకపోతే ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షను. 2022 నుంచి మన దేశంలో, ఆ హార్మోనును ఒంట్లోనే పుట్టించే మాత్ర కూడా ఉంది. ఇంజక్షను పడ్డాక కొందరికి ఉత్సాహం వస్తుంది, "ఇంకా వేయండి, 14 దాకా తీసుకెళ్లండి" అంటారు. అలా అడగకూడదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, రక్తహీనత మూడూ ఉన్న నాలుగువేల పైచిలుకు రోగుల మీద జరిపిన పరిశీలన ఒకటి 2009లో వెలువడింది. హెమోగ్లోబిన్‌ను 13 దాకా తేవాలని ఇంజక్షన్లిచ్చినవారిలో పక్షవాతం దాదాపు రెట్టింపు వచ్చింది. అప్పటినుంచి ఈ ఇంజక్షను వాడేటప్పుడు 11.5 దాటనివ్వకపోవడమే పద్ధతి. వాడుతున్నన్నాళ్లూ బి.పి. చూపించుకుంటూ ఉండాలి. రక్తం ఎక్కించమని మీరుగా పట్టుబట్టవద్దు. ప్రాణం మీదకి వచ్చినప్పుడు తప్పదు. కాని ముందుముందు మూత్రపిండం మార్పిడి చేయించాల్సివస్తే, ఇతరుల రక్తం ఎక్కినవారికి సరిపడే మూత్రపిండం దొరకడం కష్టమవుతుంది.

ఈ మొదటి పరీక్షలకి పట్నం రానక్కర్లేదు. చీడికాడ లాంటి చోట్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెమోగ్లోబిన్, చక్కెర, బి.పి. చూస్తారు. ఊళ్లో ఉన్న అత్తగారికీ, అమ్మకీ ఈ మాట ఫోనులో చెప్పవచ్చు. తేడా ఉందంటే మూత్రపిండాల నిపుణులు విశాఖపట్నం కింగ్ జార్జి ఆస్పత్రిలో ఉన్నారు. డయాలిసిస్ దాకా వెళ్లిన పేదవారికి ఉచితంగా చేసే జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది.

డాక్టరుగారి దగ్గరకి వెళ్లేటప్పుడు రక్తహీనత సంగతి కూడా చెప్పి, మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షని ఎంతవరకు నమ్మవచ్చో అడగండి. అది ఎర్ర కణాల మీదే ఆధారపడ్డ పరీక్ష. ఇనుము తక్కువైనవారిలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షను వేసుకుంటున్నా, కొత్తగా రక్తం ఎక్కినా తక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి "చక్కెర తగ్గింది" అని మందు తగ్గించేసుకునేవాళ్లున్నారు. ఇంట్లో వేలిమీద గుచ్చి చూసుకున్న లెక్కల పుస్తకం కూడా వెంట తీసుకెళితే రెండూ పోల్చి చూస్తారు. ఐరన్ మాత్ర వేసుకున్నన్నాళ్లూ విరేచనం నల్లగా అవుతుంది, దానికి కంగారుపడి మాత్ర ఆపవద్దు. మాత్ర వేసుకోనివాళ్లకి తారులాగా నల్లగా అయితే మాత్రం కడుపులో రక్తం కారుతోందేమో, ఆ రోజే చూపించండి.